పాత పికప్ బాడీని కొత్త ఛాసిస్‌కి ఎక్కించడం: మొదటి కొలత నుంచి చివరి బోల్టు దాకా

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరిగేవాళ్లకి రైస్ మిల్లుల వెనకో, మూతపడ్డ గోదాముల పక్కనో పాత పికప్పులు కనిపిస్తూనే ఉంటాయి. మహీంద్రా వాళ్లు 1947లో మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆ రకం బండ్లు ఏజెన్సీ ఘాట్ల మీద, సంతల దారుల్లో బరువులు మోశాయి. ఇప్పుడు వాటి ఇంజను ఉండదు, కమాన్ కట్టలు విరిగిపోయి ఉంటాయి, ఛాసిస్‌ని, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రాన్ని, తుప్పు తినేసి ఉంటుంది. క్యాబిన్ రేకు మాత్రం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. అప్పటి రేకు మందం అలాంటిది. ఆ క్యాబిన్‌నీ తొట్టినీ ఈ కాలపు ఛాసిస్ మీద ఎక్కిస్తే డిస్క్ బ్రేకులు, పవర్ స్టీరింగ్, నమ్మకమైన ఇంజను ఉన్న పాత రూపం చేతికొస్తుంది.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఛాసిస్‌ని కోయకూడదు, పొడిగించకూడదు, వంచకూడదు. సర్దుబాటు ఏదైనా బాడీలోనే జరగాలి. కింద చెప్పే ప్రతి మెట్టులోనూ ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ముందు కాగితాలు

గ్రైండర్ ప్లగ్గు పెట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ప్రతి మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు.

పాత బండి కాబట్టి వింటేజ్ కింద చూపించుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్ మారిన క్షణమే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే మీ దగ్గరున్న పాత బండి ఆర్సీ బతికి ఉండి, దాని ఛాసిస్ కూడా బాగుచేయగలిగే స్థితిలో ఉంటే, అసలు ఈ పని పెట్టుకోకండి. దాన్ని దానిలాగే బాగుచేసుకుని, వింటేజ్ నంబరు దానికి వర్తిస్తుందేమో ఆర్టీవోలో అడగండి. ఛాసిస్ పూర్తిగా పోయి క్యాబిన్ ఒక్కటే మిగిలినప్పుడే ఈ దారి.

చట్టం దృష్టిలో బండి అంటే ఛాసిస్ నంబరే. పాత బండి నంబరు ప్లేటు కొత్త ఛాసిస్‌కి తగిలించడం, పాత నంబరు ముక్క కోసి కొత్తదానికి అతికించడం నేరం. ఆ సలహా ఎవరిచ్చినా వినకండి. దాత బండి, అంటే ఛాసిస్ ఇచ్చే ఈ కాలపు బండి, ఆర్సీ మీ పేరు మీదకి మార్పించుకుని, చేయబోయే మార్పు ఏమిటో కొలతలతో, బొమ్మతో రాసి మీ ఆర్టీవో కార్యాలయంలో ఇవ్వండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి రాకపోతే ఆ బండిని సొంత తోటలో, ప్రదర్శనల్లో వాడుకోవచ్చు, ఊరు మారాలంటే ట్రెయిలర్ మీద తీసుకెళ్లాలి. రోడ్డెక్కించకూడదు. అలాంటి బండి ప్రమాదంలో ఇరుక్కుంటే ఇన్సూరెన్సు కూడా అండగా నిలవదు. ఈ సంగతి మనసులో తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

జత కుదర్చడం

దాత బండికి లాడర్ ఫ్రేమ్ ఉండాలి, అంటే రెండు పొడుగు పట్టాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు ఉన్న విడి ఛాసిస్. బొలెరో, జెనాన్, హైలక్స్, డీ-మ్యాక్స్ లాంటివి ఈ కోవలోవి. మామూలు కార్లలో బాడీయే ఛాసిస్, అవి దీనికి పనికిరావు.

తర్వాత వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి దూరం. పాత విల్లీస్ ట్రక్కుది 118 అంగుళాలు, 2,997 మి.మీ. అమెరికా షెవర్లే 3100ది 116 అంగుళాలు, 2,946 మి.మీ. ఇటు చూస్తే మామూలు బొలెరోది 2,680, హైలక్స్‌ది 3,085, జెనాన్‌ది 3,150. విల్లీస్ బాడీని మామూలు బొలెరో మీద పెట్టాలంటే 317 మి.మీ. తక్కువ పడుతుంది. అక్కడే చాలా షెడ్లలో ఛాసిస్ కోసి ముక్క అతికిస్తారు. అదే హైలక్స్ అయితే 88 మి.మీ. ఎక్కువ. ఎక్కువైనా ఇబ్బంది లేదు, ఎందుకంటే పికప్‌లో తొట్టి క్యాబిన్‌కి విడిగా ఉంటుంది. ఆ 88లో కొంత తొట్టిని వెనక్కి జరిపి, మిగతాది తొట్టిలోని చక్రం కోతను వెనక్కి మార్చి సర్దేయొచ్చు. కంటికి తెలియదు. కాబట్టి దాత వీల్‌బేస్ పాతదానికి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉన్నదే ఎంచుకోండి. తక్కువదాని జోలికి వెళ్లకండి.

పుస్తకంలో కొలత చూసి డబ్బు ఇవ్వకండి, టేపు పట్టుకుని వెళ్లండి. ఒకే పేరుతో రెండు మూడు వీల్‌బేస్‌ల బండ్లు అమ్ముతుంటారు.

వెడల్పు విషయం చాలామందికి ఆలస్యంగా తడుతుంది. పాత బండ్ల ఇరుసులు సన్నం. కొత్త చక్రాలు పాత మడ్‌గార్డుల నుంచి బయటికి పొడుచుకొస్తాయి. ఎడమ టైరు బయటి అంచు నుంచి కుడి టైరు బయటి అంచుకి కొలిచి, పాత మడ్‌గార్డుల బయటి వెడల్పుతో పోల్చండి. తేడా ఒక్కో పక్క 30-40 మి.మీ. అయితే మడ్‌గార్డు అంచుకి రేకు వేసి వెడల్పు చేయొచ్చు. అంతకు మించితే వేరే దాత బండి చూసుకోవడం మేలు. ఇరుసు కోసి సన్నం చేయించడం మాట ఎత్తకండి.

క్యాబిన్ సరిగ్గా ముందు ఇరుసు మీదే ఉండే ఎఫ్‌సీ-150 లాంటి బండ్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ, బానెట్ ఉన్న ఛాసిస్ మీద వాటిని ఎక్కించాలంటే స్టీరింగూ పెడళ్లూ ఇంజనుకి ముందుకి రావాలి. మొదటిసారి చేసేవాళ్లు దాన్ని పక్కన పెట్టండి.

ఇంజను సంగతి: 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) డీజిల్ బండ్లలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్ ఆక్సిలరేటర్, పొగ వడపోత అన్నీ ఈసీయూతో, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్‌తో, ముడిపడి ఉంటాయి. ఒక్కటి తీసినా బండి మొరాయిస్తుంది. అలాంటి దాతను తీసుకుంటే తాళంచెవి నుంచి సైలెన్సర్ దాకా అన్నీ యథాతథంగా తెచ్చుకోవాలి. వాడిన, ప్రమాదం జరగని బీఎస్-3, బీఎస్-4 దాత బండి పని కొంత తేలిక చేస్తుంది.

పాత బాడీని పరీక్షించడం

మన దగ్గర కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చిన బాడీకీ సాలూరు వైపు నుంచి వచ్చిన బాడీకీ చాలా తేడా ఉంటుంది. ఉప్పుగాలి తగిలిన రేకు పైకి బాగానే ఉన్నా లోపల మడతల్లో పొడైపోయి ఉంటుంది. ఒక చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. అయస్కాంతం అంటుకోని చోట పుట్టీ మందంగా పూసి ఉందని అర్థం. తలుపు కింది గడప, క్యాబిన్ వెనక కింది మూలలు, ముందు అద్దం కింది చట్రం, నేల రేకు, బాడీని ఛాసిస్‌కి బిగించే మౌంట్లు ఉండే చోట్లు, ఈ అన్నిటినీ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ ముక్క మార్చాల్సిందే. నేల రేకు పూర్తిగా పోయినా పర్వాలేదు, ఎలాగూ కోయాలి. అద్దం చట్రం, తలుపు స్తంభాలు పోతే ఆ బాడీ వదిలేయండి.

పాత ఛాసిస్ నుంచి క్యాబిన్ దింపకముందే లోపల బిగింపు కట్టాలి. 25 మి.మీ. చదరపు పైపు తీసుకుని తలుపు రంధ్రంలో అడ్డంగా ఒకటి, ఐమూలగా ఒకటి, ఎడమ స్తంభం నుంచి కుడి స్తంభానికి ఒకటి ట్యాక్ వెల్డ్ (చుక్కలుగా తాత్కాలిక వెల్డింగ్) చేయండి. తలుపులు బిగించే ఉంచి, సందులు అన్నిచోట్లా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాకే వెల్డింగ్. నేల కోశాక క్యాబిన్ అడుగు లేని డబ్బాలా మెత్తబడుతుంది. అప్పుడు 5 మి.మీ. పక్కకి జరిగినా తలుపు ఇక జన్మలో సరిగ్గా పడదు.

దాత బండిని విప్పడం

విప్పే ముందు చేయాల్సిన ఒక కొలత ఉంది. మొత్తం పనికి ఇదే పునాది. బండి మట్టమైన గచ్చు మీద, తన పూర్తి బాడీతో, టైర్లలో సరైన గాలితో నిలబడి ఉండగా, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఛాసిస్ పట్టా అడుగుకి ఎత్తు కొలిచి రాసుకోండి. బాడీ దించేస్తే బరువు తగ్గి స్ప్రింగులూ కమాన్లూ పైకి లేస్తాయి. ఆ లేచిన ఛాసిస్ చూసి బాడీ ఎత్తు నిర్ణయిస్తే, పని పూర్తయ్యాక బండి కిందికి దిగి చక్రం మడ్‌గార్డులోకి వెళ్లిపోతుంది.

బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. ఎయిర్‌బ్యాగులు ఉంటే బ్యాటరీ తీశాక కొంతసేపు ఆగి, వాటి వైర్లు కోయకుండా కనెక్టర్ విప్పి తీయాలి. డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టండి. ఏసీ గ్యాసు ఏసీ మెకానిక్‌తో తీయించండి. వైరింగ్‌లో ఒక్క వైరు కూడా కోయవద్దు. ప్రతి కనెక్టర్‌కీ టేపు చుట్టి పేరు రాసి, విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి ఫోన్‌లో ఫొటో తీయండి. హార్నెస్, అంటే వైర్ల కట్ట, మొత్తం ఒకే ముక్కగా బయటికి రావాలి.

పట్టా మీద చెక్కిన ఛాసిస్ నంబరు ఎక్కడుందో చూసి శుభ్రం చేసి, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ముద్ర తీసుకోండి. ఆ చోట గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ మందపు పెయింటు గానీ తగలకూడదు.

ఛాసిస్‌ని మట్టానికి తేవడం

ఖాళీ ఛాసిస్‌ని నాలుగు గట్టి స్టాండ్ల మీద పెట్టి రసమట్టంతో రెండు వైపులా చూడండి. తర్వాత ఐమూలలు కొలవాలి. ఎడమ ముందు రంధ్రం నుంచి కుడి వెనక రంధ్రానికి, కుడి ముందు నుంచి ఎడమ వెనకకి. తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండుని ఆ రంధ్రాల నుంచి వేలాడదీసి, గచ్చు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి కింద కొలిస్తే తేలిక. తేడా 5 మి.మీ. దాటితే ఆ ఛాసిస్ ఎక్కడో దెబ్బ తిన్నట్టే, మొదలు పెట్టకండి.

ఇప్పుడు ముందు రాసుకున్న ఎత్తులకి తేవాలి. ఇరుసుకీ పట్టాకీ మధ్య చెక్క దిమ్మలు కొలిచి పెట్టి, చైన్‌తో బిగించి, నాలుగు చక్రాల దగ్గరా పాత కొలత వచ్చేలా చూడండి. ఛాసిస్ ఇప్పుడు పూర్తి బరువు మోస్తున్న భంగిమలో ఉంది. గచ్చు మీద ముందు ఇరుసు గీత, వెనక ఇరుసు గీత, నడిమి గీత గీయండి. ఇకనుంచి ప్రతి కొలతా ముందు ఇరుసు గీత నుంచే.

క్యాబిన్ ఎక్కించి చూడడం

చైన్ పుల్లీకి వెడల్పాటి బెల్టులు కట్టి, తలుపు రంధ్రాల గుండా తీసి క్యాబిన్‌ని పైకెత్తండి. కింద మనిషి ఉండకూడదు. దించేటప్పుడు పట్టాల మీద 50 మి.మీ. మందం చెక్కలు పేర్చి వాటి మీద దించండి. మొదటిసారి అది ఎక్కడా సరిగ్గా కూర్చోదు. గేర్‌బాక్స్ నేలకి తగులుతుంది, ఇంజను ఫైర్‌వాల్‌కి (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడకి) తగులుతుంది. తగిలిన చోట గుర్తు పెట్టి, మళ్లీ ఎత్తి, కోసి, మళ్లీ దించాలి. విసుగొచ్చే పని ఇది. తొందరపడి పెద్ద ముక్క కోసేస్తే తర్వాత అంత రేకూ మళ్లీ వేయాలి. కొంచెం కొంచెంగా కోయండి.

ముందు మడ్‌గార్డులూ బానెట్టూ కూడా తాత్కాలికంగా బిగించి చూడాలి. క్యాబిన్ ఒక్కటే చూస్తే మోసపోతాం. చక్రం మధ్య మడ్‌గార్డు కోత మధ్యలో పడాలి. పక్క నుంచి పది అడుగుల దూరంలో నిలబడి చూడండి. కోత మధ్య నుంచి చక్రం కాస్త ముందుకి ఉంటే కన్ను ఒప్పుకుంటుంది, వెనక్కి ఉంటే బండి వంగినట్టు కనిపిస్తుంది. తర్వాత స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి, దిమ్మలు తీసి చక్రం పూర్తిగా పైకి వచ్చినప్పుడు కూడా టైరు ఎక్కడా రాసుకోకుండా చూడండి.

ఇంజనుకీ రేకుకీ మధ్య కనీసం 25 మి.మీ., సైలెన్సర్ పైపుకీ నేలకీ మధ్య కనీసం 50 మి.మీ. ఖాళీ ఉంచి, పైపు పైన వేడి ఆపే రేకు వేయండి. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కదులుతుందని మరిచిపోకూడదు.

ఎత్తు కుదిరాక, బండి పక్కవాటం, ముందువెనకల వాటం రసమట్టంతో మళ్లీ చూసి, చెక్కల మందం ఒక్కోచోట ఎంతుందో రాసుకోండి. మీ మౌంట్ల ఎత్తు అదే.

మౌంట్లు: ఇక్కడ నిదానించండి

దాత ఛాసిస్ మీద దాని క్యాబిన్‌కి కంపెనీ వేసిన మౌంట్లు ఉంటాయి. వీలైనన్ని అవే వాడండి. వాటి మీద పాత రబ్బరు బుష్‌లు తీసి కొత్తవి వేసి, వాటికి అందేలా క్యాబిన్ అడుగున కొత్త బ్రాకెట్లు కట్టండి. ఇలా చేస్తే ఛాసిస్ మీద ఒక్క వెల్డింగ్ చుక్క కూడా పడదు.

అందని చోట ఛాసిస్‌కి కొత్త బ్రాకెట్ వేయాల్సి వస్తుంది. దానికి కొన్ని పట్టింపులు ఉన్నాయి. ఛాసిస్ పట్టా బరువుకి వంగేటప్పుడు ఒత్తిడి అంతా దాని పై అంచులోనూ కింది అంచులోనూ ఉంటుంది, నిలువు గోడ మధ్యలో తక్కువ. అందుకే పై అంచులో, కింది అంచులో రంధ్రం వేయకూడదు, వాటి మీద అడ్డంగా వెల్డింగ్ చేయకూడదు. బ్రాకెట్‌ని నిలువు గోడకే, మధ్య ఎత్తుకి దగ్గరగా, బోల్టులతో బిగించాలి. వెల్డింగ్ తప్పదంటే గోడ మీద పొడుగునా మాత్రమే వేసి, పై నుంచి కిందికి నిలువు గీతలా వేయకండి. ఆ గీత దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీతో పాటు ఈసీయూ కనెక్టర్ కూడా పీకేయాలి.

ఒక మౌంట్ ఎలా తయారవుతుందో చూద్దాం. క్యాబిన్ వెనక కుడి మూల అనుకోండి. మొదట అట్టముక్కతో బ్రాకెట్ ఆకారం కత్తిరించి పట్టాకి ఆనించి చూడండి. సరిపోయాక 6 మి.మీ. ప్లేటు మీద గీసి కోయించండి. పట్టాకి ఆనే ప్లేటు, బయటికి వచ్చే అడుగు ప్లేటు, వాటి మధ్య మూలకి బలంగా త్రికోణం ముక్క. బోల్టు రంధ్రాలు గ్యాస్‌తో కోయించకండి, డ్రిల్‌తోనే వేయండి. పట్టా లోపల బోల్టు బిగిస్తే గోడలు దగ్గరికి నొక్కుకోకుండా డబ్బా పట్టా అయితే లోపల పైపు ముక్క పెట్టాలి. పట్టాకి 12 ఎంఎం బోల్టులు, 8.8 గ్రేడు, తల మీద ఆ అంకె ఉందో లేదో చూసి కొనండి. నైలాక్ నట్టు, కింద మందపు వాషరు. బిగింపు సుమారు 80 న్యూటన్ మీటర్లు. అడుగు ప్లేటు మీద రబ్బరు బుష్, దాని మధ్య ఇనుప గొట్టం, పైన క్యాబిన్ బ్రాకెట్, కింద రెండో రబ్బరు. బోల్టు బిగించినప్పుడు గొట్టం బరువు పట్టాలి, రబ్బరు నలిగిపోకూడదు. క్యాబిన్ అడుగున పాత రేకుకి నేరుగా బోల్టు వేయకండి, 3 మి.మీ. ప్లేటు వెడల్పుగా వేసి దాని ద్వారా.

తొట్టికి మన లారీ బాడీ కట్టేవాళ్ల పద్ధతే మంచిది. లారీల ఊరుగా పేరున్న సాలూరులో చూడండి, ఛాసిస్ పట్టా పొడుగునా చెక్క పరిచి, దాని మీద తొట్టి పెట్టి యూ బోల్టులతో కడతారు. చెక్క బరువుని పట్టా పొడుగునా పంచుతుంది, ఛాసిస్ మెలితిరిగినప్పుడు కాస్త ఇస్తుంది. మద్ది చెక్క బాగా నిలుస్తుంది. యూ బోల్టు బిగించే చోట పట్టా అంచులు వంగకుండా లోపల చెక్క ముక్క కాదు, ఇనుప ముక్క పెట్టించండి. సైలెన్సర్ దగ్గర చెక్క కాలే ప్రమాదం ఉంటుంది.

స్టీరింగ్, బ్రేకులు

రెండూ ప్రాణం మీదికి వచ్చేవి. దాత బండి స్టీరింగ్ కాలమ్, దాని కింద మడతపడే భాగం, క్రాస్‌లు (షాఫ్ట్ వంపు తిరిగే చోట ఉండే కీళ్లు) మొత్తం అలాగే తెచ్చుకోండి. ఒక్కో క్రాస్ వంపు 30 డిగ్రీలు దాటితే తిప్పేటప్పుడు బిగుసుకుని వదులుతుంది. అప్పుడు మధ్యలో మరో క్రాసూ దానికి ఆధారంగా బేరింగూ వేయాలి. స్టీరింగ్ షాఫ్ట్ పొడుగు చాలకపోతే పళ్ల కప్లింగ్‌తోనే పొడిగించండి. కోసి వెల్డింగ్ చేసిన షాఫ్ట్‌తో బండి ఎవరికీ ఇవ్వకూడదు, మీరూ నడపకూడదు.

బ్రేక్ పెడల్, బూస్టర్, మాస్టర్ సిలిండర్ ఒకే కుటుంబంగా ఉంచండి. పాత ఫైర్‌వాల్ రేకుకి వాటిని నేరుగా బిగిస్తే పెడల్ తొక్కినప్పుడు రేకు వంగుతుంది, సగం బలం అక్కడే పోతుంది. వెనక 3 మి.మీ. ప్లేటు వేసి, దాన్ని డ్యాష్‌బోర్డు కింది అడ్డకమ్మీకి కలపండి. వెనక ఇరుసు దగ్గర బరువుని బట్టి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చే వాల్వు ఉంటే తీసేయకండి. తొట్టి బరువు మారింది కాబట్టి దాని కడ్డీ అమరిక మళ్లీ చూడాలి. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి.

వైరింగ్, రేడియేటర్, ట్యాంకు

క్యాబిన్ రబ్బరు మీద కూర్చుంది కాబట్టి దానికీ ఛాసిస్‌కీ కరెంటు దారి ఉండదు. ఇంజను నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి మందపు ఎర్త్ పట్టీలు వేయండి. లైట్లు వెలిగి ఆరడం, మీటర్లు తప్పు చూపించడం లాంటి సగం తలనొప్పులు దీనితోనే పోతాయి.

రేడియేటర్ దాతదే పెట్టండి, దాని ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగుతో సహా. పాత గ్రిల్ సందులు చిన్నవి. గ్రిల్ నుంచి వచ్చిన గాలి పక్కలకి పోకుండా రేకుతో దారి కట్టాలి, లేకపోతే మన మే నెల ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడు సూది ఎర్రగీత మీదకి వెళ్తుంది. డీజిల్ ట్యాంకు క్యాబిన్‌లో సీటు వెనక పెట్టకండి, ఛాసిస్ మీద దాని అసలు చోటే ఉంచండి.

ముందు నడపాలి, తర్వాత రంగు

రంగు వేయకుండానే అంతా బిగించి షెడ్డు ఆవరణలో నడిపి చూడండి. గుంతలో ఒక చక్రం దింపి, తలుపులు తెరిచి మూసి చూడండి. ఒక చక్రం పైకి లేచినప్పుడు తలుపు పట్టేస్తే మౌంట్లు క్యాబిన్‌ని మెలిపెడుతున్నాయని అర్థం. రబ్బరు మందం, బోల్టుల బిగింపు మళ్లీ చూడాలి. తర్వాత మొత్తం విప్పి, లోపలి పైపు బిగింపు తీసేసి, నేలకీ ఫైర్‌వాల్‌కీ మిగిలిన వెల్డింగ్ పూర్తి చేసి అప్పుడు రంగు.

వానాకాలం తేమలో ప్రైమర్ కొట్టకండి. అక్టోబరు, నవంబరు తుపానుల రోజుల్లో అసలే వద్దు. మండు వేసవి ముందు, ఫిబ్రవరి మార్చిలో కుదుర్చుకుంటే మేలు. రేకుకి ఎపాక్సీ ప్రైమర్, మడతల్లో సీలర్, గడపల లోపల తుప్పు ఆపే మైనం. నీళ్లు పోయే రంధ్రాలు రంగుతో మూసుకుపోకుండా చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బాడీ పోయేది ఎక్కువగా లోపల నిలిచిన నీటి వల్లే.

చివరి పరీక్షలు

కాటా మీదకి తీసుకెళ్లి మొత్తం బరువు, ముందు ఇరుసు బరువు, వెనక ఇరుసు బరువు విడివిడిగా తూచండి. దాత కంపెనీ ఇచ్చిన ఇరుసు పరిమితులతో పోల్చండి. ముందు బరువు తగ్గి ఉంటే స్ప్రింగులు గట్టిగా అనిపిస్తాయి, హెడ్‌లైట్లు పైకి చూస్తాయి, రెండూ సర్దాలి. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. ఖాళీ స్థలంలో నెమ్మదిగా వెళ్తూ, తర్వాత వేగం పెంచి, చేతులు స్టీరింగ్ మీద తేలికగా పెట్టి బ్రేకు తొక్కండి. ఒక పక్కకి లాగితే ఆగి కారణం వెతకాలి.

100 కిలోమీటర్లు తిరిగాక ప్రతి మౌంట్ బోల్టూ, ప్రతి యూ బోల్టూ టార్క్ రెంచితో చూడండి, ఎందుకంటే కొత్త రబ్బరు, కొత్త చెక్క రెండూ నొక్కుకుంటాయి. 500 దగ్గర మళ్లీ. బోల్టు తల మీదా బ్రాకెట్ మీదా కలిపి తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టండి. గీత విరిగితే బోల్టు తిరిగిందని కిందికి వంగి చూస్తేనే తెలిసిపోతుంది.